లియోన్ పేన్ పేరు ముందు ‘అంధ’ అన్న విశేషణం అవసరమా?

బాటసారి:
అమెరికా పల్లెల జానపద బాణీల నుంచి పుట్టిన కంట్రీ సంగీతం మీద జరిగిన కిందటి చర్చలో నేను లియోన్ పేన్‌ను ‘అంధ గీతరచయిత’ అని పరిచయం చేస్తే, ఆ విశేషణం అనవసరమని ఇద్దరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. ఆ మాట ఉండవలసిందేనని నా వాదన. 1917లో టెక్సాస్‌లోని ఆల్బా అనే చిన్న ఊరిలో పుట్టిన పేన్‌కు చిన్నతనం నుంచే చూపు లేదు. 1924 నుంచి 1935 వరకు ఆస్టిన్‌లోని అంధుల పాఠశాలలో చదువుకున్నాడు. వాద్యాల మీద అతనికి పట్టు చిక్కింది ఆ పాఠశాలలోనే. ఆ తరువాత గిటారు భుజాన వేసుకుని, దారిన పోయే కార్లను ఆపించి ఎక్కుతూ ఊరూరా తిరిగాడు. 1938లో కంట్రీ సంగీతకారుడు బాబ్ విల్స్ బృందంతో కలిసి వాయించాడు. జబ్బుపడిన తల్లిని చూడడానికి కాలిఫోర్నియా నుంచి బయలుదేరి, ఏ బండీ ఆగక రోడ్డు పక్కన చిక్కుకుపోయినప్పుడు ‘లాస్ట్ హైవే’ అనే పాట పుట్టిందని చెబుతారు. వచ్చే బండి కనిపించదు, దాని చప్పుడు దగ్గరపడి దాటిపోవడం మాత్రం వినిపిస్తుంది; అలా నిలబడిన మనిషి రాసిన పాటను ఆ సంగతి తెలియకుండా వింటే సగమే విన్నట్టు కాదా?

పాత రికార్డు:
బాటసారి గారూ, మీరు చెప్పిన కథ బాగుంది కానీ పాట దానికి సాక్ష్యం చెప్పడం లేదు. అందులోని మనిషిని చెడగొట్టినవి పేకాట, సారాయి, ఒక స్త్రీ చెప్పిన అబద్ధం. చూపు ప్రసక్తే లేదు. 1949లో కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ దాన్ని రికార్డు చేశాడు. 1953 జనవరి 1న, కచేరీకి వెళ్తూ కారు వెనుక సీటులోనే, 29 ఏళ్ల వయసులో అతను చనిపోయిన తరువాత, అది అతని ఆత్మకథేనని నమ్మినవారు ఎందరో. రాసినవాడి జీవితం ఊసే లేకుండా పాట మరొకరి జీవితానికి అంత చక్కగా అతికిందంటే, ఆ గొప్పతనం కల్పనాశక్తిది.

ఇంకొక ఉదాహరణ చెబుతాను. 1968లో ఎడ్డీ నోయాక్ పాడిన ‘సైకో’ కూడా పేన్ రాసినదే. ఒక హంతకుడు వంటింట్లో కూర్చుని, తాను చేసిన హత్యలను అమ్మకు తాపీగా చెప్పుకునే పాట అది. దాన్ని విని పేన్ ఎవరినైనా చంపాడా అని ఎవరూ ఆరా తీయరు. హంతకుడి గొంతును ఊహించగలిగినవాడు దారి తప్పినవాడి గొంతును మాత్రం సొంత వైకల్యం నుంచే తెచ్చుకోవాలా?

ఆస్టిన్ వాసి:
ఆ పాఠశాల ఇప్పటికీ మా ఊళ్లో 45వ వీధిలో ఉంది; ఆ దారిన తరచూ వెళ్తుంటాను. ఒక్క మాట. 1956లో పేన్ ‘రాక్ రోజర్స్’ అనే మారుపేరుతో రాక్ అండ్ రోల్ రికార్డు చేశాడు. చూపులేనివాడన్న గుర్తింపు తన పాటకు తప్పనిసరి అని అతనే అనుకోలేదనడానికి ఇది చాలదూ?

బాటసారి:
మారుపేరు సంగతి నాకు అంతగా ఆనదండి. కంట్రీ గాయకులు రాక్ పాడినప్పుడు పాత శ్రోతలు చిన్నబుచ్చుకోకుండా పేరు మార్చుకోవడం ఆ రోజుల్లో వింతేమీ కాదు. ‘సైకో’ దగ్గర మాత్రం నా వాదన నిలవలేదని ఒప్పుకుంటున్నాను. అయినా ‘ఐ లవ్ యూ బికాజ్’ సంగతి ఏమంటారు? భార్య మర్టీ కోసం రాసినదని చెప్పే ఆ పాటను పేన్ 1949లో తానే పాడగా, అది మరుసటి ఏడాది కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ప్రేమపాటల్లో సాధారణంగా కళ్లు, పెదవులు, కురులు వరస కడతాయి. ఈ పాటలో రూపవర్ణన లేదు. తనను అర్థం చేసుకున్నందుకు, అనుమానించకుండా తోడు నిలిచినందుకు ప్రేమిస్తున్నానని మాత్రమే ఉంది. ఈ ఒక్క చోట అతని జీవితం పాటలోకి వచ్చిందని నాకు తోస్తుంది.

పాత రికార్డు:
వచ్చి ఉండవచ్చు. కానీ అదే పాటను ఎల్విస్ 1954లో, జిమ్ రీవ్స్ ఆ తరువాత పాడారు. వారిద్దరికీ చూపుంది, పాటలో ఒక్క మాటా వెలితిగా వినిపించలేదు. జీవితచరిత్ర రాసేటప్పుడు పాఠశాల గురించి, రోడ్ల గురించి ఎంతైనా రాయండి, నేను ఆసక్తిగా చదువుతాను. పేరు ముందు బిరుదులా తగిలించడమే నాకు నచ్చనిది. పేన్ 1969లో చనిపోయాడు. 1971లో జార్జ్ జోన్స్ అతని పాటలతోనే ఒక ఆల్బమ్ వెలువరించి, దానికి పెట్టిన పేరులో ‘లియోన్ పేన్ గొప్ప పాటలు’ అనే అన్నాడు.

బాటసారి:
సరే, పరిచయ వాక్యం మారుస్తున్నాను. మర్టీ పాట మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు.