అప్‌డేట్: లిథియం వాడే తమ్ముడికి చేతుల వణుకు, కారణం తెలిసింది

బైపోలార్‌కి (అతి ఉత్సాహం, దిగులు మార్చి మార్చి వచ్చే మానసిక జబ్బు) లిథియం వాడే మా తమ్ముడికి మే నెల ఎండల్లో చేతులు బాగా వణికి, విరేచనాలు పట్టుకుని, నడకలో తూలు వస్తోందని, మాత్రలు ఆపేయాలా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ‘ముందు రక్తంలో లిథియం లెవెల్ చూపించండి’ అన్న సలహాయే పనికొచ్చింది.

విజయనగరంలో సైకియాట్రిస్టు రాత్రి డోసు తర్వాత 12 గంటలకు రక్తం తీయించారు. 1.6 వచ్చింది. మామూలుగా 0.6 నుంచి 1.0 మధ్య ఉండాలట. బరువు తగ్గాలని వాడు ఉప్పు మానేశాడు, పైగా మోకాలి నొప్పికి మందుల షాపులో ఐబుప్రొఫెన్ కొని వేసుకుంటున్నాడు. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గితే కిడ్నీలు లిథియాన్ని బయటకు పోనివ్వవు, ఆ నొప్పి మాత్ర కూడా అదే పని చేస్తుంది. డాక్టరు లిథియం కొద్దిరోజులు ఆపించి, కిడ్నీ పరీక్ష చూసి, డోసు తగ్గించి మళ్లీ మొదలుపెట్టారు. వణుకు దాదాపు పోయింది.

థైరాయిడ్ కూడా చూశారు, నార్మల్. చోడి (రాగి) అంబలి మానమని చుట్టాలు పోరారు గానీ దానికీ దీనికీ సంబంధమే లేదు, ఇప్పుడు ఉప్పేసుకుని రోజూ తాగుతున్నాడు. ఉప్పు ఒక్కసారిగా పెంచినా, తగ్గించినా చిక్కేనట.

నిద్ర చెడితే మానియా (ఆ అతి ఉత్సాహం) తిరగబెట్టొచ్చు కాబట్టి, పైడితల్లి జాతరకు తొలేళ్ల (ఉత్సవానికి ముందురోజు) రాత్రి జాగారం మాత్రం వద్దన్నారు. దానికి ఇంకా అలిగే ఉన్నాడు.