కొత్త 4x4 జీపులో రెండో గేరు పడేటప్పుడు కరకరమంటోంది

డీజిల్ ఇంజను, 6 స్పీడ్ మాన్యువల్. మీటరు మీద ఇంకా 1,800 కిలోమీటర్లే. ఉండేది చింతపల్లి వైపు, పొద్దున బాగా చలి.

చల్లటి బండిలో ఒకటి నుంచి రెండుకి మారుస్తుంటే లివరు సగంలో ఆగి, అరచేతికి అదురు తగిలి, కర్రుమని పడుతుంది. పావుగంట నడిచాక తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఘాట్‌లో మూడు నుంచి రెండుకి దింపితే ఇంకా గట్టిగా అరుస్తుంది. ఎత్తులో గేరు పడక బండి వెనక్కి లాగితే నిజంగా భయమేస్తోంది. మిగతా గేర్లు వెన్నలా పడతాయి.

క్లచ్ పెడల్ పూర్తిగా కిందికి దిగేలా దాని కింద మ్యాట్ తీసేసి చూశాను. సర్వీసు వాళ్లు క్లచ్ ఫ్లూయిడ్ మార్చి దాని పైపులో గాలి తీశారు, తేడా లేదు. ‘కొత్త బండి కదండీ, సర్దుకుంటుంది’ అంటున్నారు. ఇంజను ఆన్‌లో, బండి నిలబడి ఉండగా రివర్స్ చప్పుడు లేకుండా పడుతుంది, కాబట్టి క్లచ్ సరిగానే విడుస్తోందని నా నమ్మకం. 2హెచ్ (రెండు చక్రాల డ్రైవ్), 4హెచ్ (నాలుగు చక్రాల డ్రైవ్) రెండింటిలోనూ ఇదే తీరు, కాబట్టి ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద అనుమానం లేదు. న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి మళ్లీ తొక్కి వేస్తే మాత్రం చప్పుడే రాదు. అందుకే రెండో గేరు సింక్రో రింగ్ (గేరు పడే ముందు వేగాలు కలిపే రింగు) మీదే నా అనుమానం.

వారంటీ ఉండగానే తేల్చుకోవాలి. ఇలాంటి బండి నడిపినవాళ్లు, మెకానిక్కులు చెప్పండి: ముందు గేర్ ఆయిల్ మార్పించి చూడాలా, లేక గేర్‌బాక్స్ విప్పి సింక్రో చూడమని ఇప్పుడే పట్టుబట్టాలా?