పాత యుద్ధవిమానం రైడ్: 70 ఏళ్ల నాన్నని పంపమంటారా, వద్దంటారా?

సైనిక్‌పురి_సుధ
అందరికీ నమస్కారం. మా అన్నయ్య అమెరికాలో ఉంటాడు. వచ్చే నెల నాన్నకి 70 నిండుతాయని, అక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి బి-25 బాంబర్‌లో అరగంట రైడ్ బుక్ చేశాడు. విమానం ఏదో ప్రైవేటు సంస్థది. నాన్న చిన్నప్పుడు బేగంపేటలో మేడ మీద పడుకుని విమానాలు లెక్కపెట్టిన మనిషి. అప్పుడే పైలట్ టోపీ కూడా కొనేసుకున్నారు, ఇంట్లో పెట్టుకుని తిరుగుతున్నారు.

ఊరికే వెతికితే 2019 అక్టోబర్ 2 నాటి ప్రమాదం కనబడింది. కనెటికట్‌లోని బ్రాడ్లీ ఎయిర్‌పోర్టులో 'నైన్-ఓ-నైన్' అనే బి-17 బాంబర్ కూలిపోయింది. అదీ ఇలా టికెట్ పెట్టి జనాన్ని తిప్పే విమానమే, మనిషికి 450 డాలర్లు. 13 మంది ఎక్కితే ఏడుగురు పోయారు. చదివిన దగ్గర్నుంచి ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

పాతబండి_ప్రసాద్
నిశ్చింతగా పంపండి సుధ గారూ. పాతది కాబట్టి పడుతుంది అన్నది వట్టి మాట. 2023 డిసెంబర్‌లో దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ పిలాటస్ శిక్షణ విమానం తూప్రాన్ దగ్గర కూలి ఇద్దరు పోయారు. అదేమైనా 1944 నాటిదా?

యంత్రం తిరుగుతుంటేనే బతుకుతుంది. నా దగ్గర 1967 ఫియట్ ఉంది. మూడు నెలలు షెడ్‌లో పెడితే కార్బురేటర్‌లో గమ్ము పట్టి, బ్రేకులు పట్టేసి ఏడిపిస్తుంది. అదే ప్రతి ఆదివారం మనవరాలిని ఎక్కించుకుని నెక్లెస్ రోడ్ చుట్టి వస్తే పిల్లిలా పడుంటుంది. విమానమైనా అంతే. మ్యూజియంలో తాడు కట్టి, 'ముట్టరాదు' అని బోర్డు పెడితే అది శవం. ఆ ఇంజన్ల మోత వినాలి, ఆ ఆయిల్ వాసన పీల్చాలి. అప్పుడు తెలుస్తుంది ఆ 20 ఏళ్ల కుర్రాళ్లు దేంట్లో కూర్చుని యుద్ధానికి వెళ్లారో.

ఇరానీ_చాయ్
చిన్న సవరణ. 2019లో కూలింది అసలు 'నైన్-ఓ-నైన్' కాదు. అసలుది 140 దాడులకి వెళ్లొచ్చి, యుద్ధం అయ్యాక తుక్కు కింద పోయింది. ఇది వేరే బి-17, దాని రంగూ పేరూ వేసుకుంది అంతే.

లాక్‌వైర్
సుధమ్మా, నేను ఎయిర్‌ఫోర్స్‌లో 20 ఏళ్లు ఇంజన్ ఫిట్టర్‌ని. విమానం పాతదా కొత్తదా అని అడక్కమ్మా. ఎవరు చెక్ చేశారు, ఎవరు సంతకం పెట్టారు అని అడుగు.

ఆ ప్రమాదం మీద అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఇచ్చిన రిపోర్టు చదివాను. లేచిన కాసేపటికే నాలుగో ఇంజన్ బలం తగ్గింది, పైలట్ దాన్ని ఆపేశాడు. పక్కనున్న మూడోది కూడా సరిగ్గా లాగలేదు. రెండూ కుడి రెక్కవే. వెనక్కి తిరిగొస్తూ చక్రాలు తొందరపడి ముందే దించేశారు. చక్రాలు దిగితే గాలికి అడ్డం ఎక్కువై వేగం పడిపోతుంది. రన్‌వే అందలేదు. ముందున్న లైట్లని కొట్టుకుని, పక్కకి పోయి, మంచు కరిగించే ద్రవం ఉంచే ట్యాంకులని గుద్ది కాలిపోయింది.

ఇక ఇంజన్ సంగతి. నాలుగో ఇంజన్‌కి రెండు మాగ్నెటోలు, అంటే ప్లగ్గులకి కరెంటు పుట్టించే డబ్బాలు. కుడిది పనికిరాని స్థితిలో ఉంది. ఎడమదాని తీగని ఒంటిపేట సేఫ్టీ వైర్‌తో, అంటే బోల్టులు ఊడకుండా కట్టే సన్న తీగతో, కట్టారు. ఆ వైరు జారి డబ్బాకి తగిలి అదీ షార్ట్ అయింది. మూడో ఇంజన్ విప్పితే ప్లగ్గుల గ్యాపులు హద్దు దాటి ఉన్నాయి. దీంట్లో హిట్లర్ కాలం నాటి లోపం ఏముంది? మామూలు గ్యారేజీ పని.

అసలు మాట చివరికి పెట్టాను. ఆ రోజు నడిపిన పైలటే ఆ సంస్థకి మెయింటెనెన్స్ డైరెక్టర్ కూడా. వయసు 75. తను చూసిన ఇంజన్‌ని తనే ఎగరేశాడు. ఆగు అని చెప్పే రెండో మనిషి ఎవరు? 2020 మార్చిలో ఆ సంస్థకి టికెట్ మీద జనాన్ని ఎక్కించే అనుమతే పీకేశారు. పర్యవేక్షణ సరిగ్గా లేదని అక్కడి విమానయాన శాఖ ఎఫ్ఏఏని కూడా రిపోర్టులో తప్పుపట్టారు.

పాతబండి_ప్రసాద్
'వయసు 75' అని ఎందుకు రాశారు సార్? మాగ్నెటో చెప్పారు, చక్రాలు చెప్పారు, ఒప్పుకున్నాం. వయసెందుకు మధ్యలో? ఆ మనిషికి ఒక్క బి-17 మీదే 7 వేల గంటల పైచిలుకు అనుభవం. ప్రపంచంలో ఇంకెవరికైనా ఉందేమో చూపించండి. తమరు ఎన్ని గంటలు నడిపారో?

లాక్‌వైర్
ఒక్క గంట కూడా నడపలేదు. నడిపేవాళ్లు కిందకి దిగొచ్చేలా చూడటమే నా ఉద్యోగం.

బోయిన్‌పల్లి_భాను
మీ పంచాయితీ అంతా ఎక్కెటోళ్ల గురించే నడుస్తోంది. కింద ఉన్నోళ్ల సంగతేందన్నా?

2010 మార్చి 3. బేగంపేటలో ఏవియేషన్ షో. నేవీ వాళ్ల సాగర్ పవన్ విన్యాసాల టీమ్‌లోని కిరణ్ జెట్ విమానం వచ్చి న్యూ బోయిన్‌పల్లిలో బిల్డింగ్ మీద పడింది. ఇద్దరు పైలట్లూ అక్కడికక్కడే పోయారు. మాది రెండు గల్లీల అవతల. అమ్మ మేడ మీద వడియాలు పెడుతోంది. చప్పుడుకి నేను పైకి పరిగెత్తేసరికి, పిండి చెయ్యి అట్లాగే గాల్లో పట్టుకుని పొగ వైపు చూస్తూ నిలబడింది. నేను పిలిచినా పలకలేదు. ఇప్పటికీ బేగంపేటలో షో ఉందంటే, ఆ రోజు పొద్దున్నే బస్సెక్కి ఎల్బీ నగర్‌లో మా పిన్ని ఇంటికి పోతుంది. వద్దని ఎవరం అనం.

ఇంగ్లండ్‌లో షోరహమ్ ఎయిర్‌షో కూడా చూడండి. 2015 ఆగస్టు 22. హాకర్ హంటర్, మన ఎయిర్‌ఫోర్స్ ఒకప్పుడు వాడిన జెట్టే. లూప్ (గాల్లో నిలువుగా గుండ్రం) కొట్టేటప్పుడు పైన 3,500 అడుగులు ఉండాలి. 2,700 దగ్గరే తిప్పేశాడు. 11 మంది పోయారు. అందరూ ఎయిర్‌పోర్టు బయట రోడ్డు మీద ఉన్నోళ్లే. పైలట్ బతికాడు.

పాతబండి_ప్రసాద్
భానూ, మీ అమ్మగారికి నమస్కారాలు. కానీ బోయిన్‌పల్లిలో పడింది ప్రైవేటుదీ కాదు, పాతకాలపుదీ కాదు. నేవీ టీమ్. ఈ చర్చకి దానికి సంబంధం లేదు.

బోయిన్‌పల్లి_భాను
మీద పడేటప్పుడు ఆర్సీ బుక్ చూపిస్తదా అన్నా?

కోఠి_కిరణ్
హహ. ఇదొక్కటి చాలు.

ఇరానీ_చాయ్
ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి మళ్లీ చెబుతున్నాను. కూలిన ఆ బి-17ని 1952లో అమెరికా అణు పరీక్షల దగ్గర నిలబెట్టారు. తర్వాత అడవుల్లో మంటలు ఆర్పడానికి వాడారు. అది ఒక్క బాంబు దాడికి కూడా వెళ్లలేదు. 'చరిత్రలో ప్రయాణం' అని టికెట్ అమ్మి, పేరు మార్చిన బండి ఎక్కించారన్నమాట. మోసం అక్కడే మొదలైంది.

కోఠి_కిరణ్
అలా అనుకుంటే మన ఊరి పేరు పెట్టుకున్న విమానాలే ఉండేవి. మొదటి యుద్ధంలో నిజాం డబ్బుతో కొన్న విమానాలతో బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్‌లో 110 హైదరాబాద్ స్క్వాడ్రన్ నడిచింది. రెండో యుద్ధంలో 152 హైదరాబాద్ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలు నడిపింది. 253కి కూడా హైదరాబాద్ స్టేట్ అనే పేరు. అలాంటి స్పిట్‌ఫైర్ ఒకటి బేగంపేట మీద ఎగిరితే నేను ఆఫీసుకి సెలవు పెట్టి చూస్తాను.

నల్గొండ_నర్సయ్య
నిజాం డబ్బు ఎక్కడిది? మా తాత కట్టిన శిస్తు. ఆ లెక్కన ఒక రెక్క మాది.

కోఠి_కిరణ్
రెక్క మీరే ఉంచుకోండి పెద్దాయనా, ఇంజన్ నాకివ్వండి.

లాక్‌వైర్
ప్రసాద్ గారు 7 వేల గంటలు అన్నారు. ఆ అంకె చూస్తేనే నాకు భయం. ఎందుకో చెబుతాను.

రిటైరయ్యాక ఒక ఫ్లయింగ్ క్లబ్‌లో చేరాను, పేరు అనవసరం. ఒక రోజు ట్రైనర్ విమానానికి మాగ్నెటో చెక్ చేస్తుంటే ఒక వైపు ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) మరీ పడిపోతోంది. సంతకం పెట్టనన్నాను. అక్కడి పెద్ద ఇన్‌స్ట్రక్టర్‌కి ఇంజనీర్ లైసెన్సు కూడా ఉంది. ప్లగ్గు మసిబట్టి ఉంటుంది, నేను పాతికేళ్లుగా చూస్తున్నాలే అని నవ్వి, తనే పుస్తకంలో సంతకం పెట్టి, తనే కుర్రాడిని ఎక్కించుకుని వెళ్లాడు. 40 నిమిషాలకి తిరిగొచ్చాడు. ఏమీ కాలేదు. నెల తిరక్కుండా నన్ను మానేయమన్నారు.

ఆయన చెడ్డవాడు కాదు. నాకన్నా బాగా తెలిసినవాడు. వెయ్యిసార్లు ఏమీ కాకపోవడమే ఆయన్ని చెడగొట్టింది.

పాతబండి_ప్రసాద్
అదీ సంగతి. క్లబ్బువాళ్లు మిమ్మల్ని తీసేశారన్న కడుపుమంట పట్టుకొచ్చి, చచ్చిపోయిన మనిషి మీద కక్కుతున్నారు. ఆయనా ఆ విమానంలోనే పోయాడు సార్. పారిపోలేదు. జీవితమంతా దాన్ని ప్రేమించాడు. మీలాంటివాళ్లు పుస్తకం పట్టుకుని సంతకాలు వెతుకుతూ కూర్చుంటారు, ఆయనలాంటివాళ్లు లేకపోతే ఆ యంత్రాలు ఎప్పుడో తుక్కు అయ్యేవి. 75 దాటితే చేతికి స్టీరింగ్ ఇవ్వకూడదా? గోడవారన కుర్చీలో కూర్చోవాలా?

కోఠి_కిరణ్
ప్రసాద్ గారూ, విమానానికి కారులాంటి స్టీరింగ్ ఉండదు.

సైనిక్‌పురి_సుధ
దయచేసి గొడవ పడకండి. నేను మా నాన్న గురించి అడిగాను.

బోయిన్‌పల్లి_భాను
సుధక్కా, ప్రసాదన్న మాట్లాడేది విమానం గురించి కాదు అనిపిస్తోంది నాకు.

పాతబండి_ప్రసాద్
అవును, కాదు. రాసేస్తాను, దాచుకునేదేముంది.

నాకు 72. కంటి ఆపరేషన్ అయింది, డాక్టర్ బాగుందనే అన్నాడు. గత నెల నెక్లెస్ రోడ్ నుంచి వస్తూ ఖైరతాబాద్ దగ్గర ముందున్న ఆటోకి కాస్త తగిలించాను. గీత పడింది, ఐదొందలిచ్చాను, ఆటో అబ్బాయి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చాక మనవరాలు నవ్వుతూ చెప్పేసింది. ఆ రాత్రి మావాడు ఫియట్ తాళాలు తీసి తన బీరువాలో పెట్టుకున్నాడు. 'చాలు నాన్నా' అన్నాడు. వాడు పుట్టకముందు నుంచి నడుపుతున్న బండి అది. ఆదివారం వస్తే షెడ్‌లోకి వెళ్లి గుడ్డ తీసి, తుడిచి, మళ్లీ కప్పి వస్తున్నాను.

అందుకే ఆ 75 అన్న అంకె చూస్తే ఒళ్లు మండింది.

లాక్‌వైర్
ప్రసాద్ గారూ, రిపోర్టులో వయసుని కారణంగా చెప్పలేదు. అది నేను రాయకుండా ఉండాల్సింది. తప్పు నాదే.

నాకు 69. లాకింగ్ వైర్, అదే ఇందాకటి సేఫ్టీ వైర్, కట్టడం అంటే ఏమిటో చెబుతాను. బోల్టు తలలోని చిల్లులోంచి సన్న తీగ దూర్చి, రెండు పేటలూ ప్లయర్‌తో పట్టి తిప్పాలి. అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది మెలికలు పడాలి. తక్కువైతే వదులు, ఎక్కువైతే తీగ తెగుతుంది. బోల్టు వదులయ్యేవైపు తిరగబోతే తీగ దాన్ని వెనక్కి లాగేలా కట్టాలి. కళ్లు మూసుకుని కట్టేవాడిని. మూడేళ్ల కిందట ఒక కుర్రాడికి నేర్పుతూ కట్టి చూపించాను. వాడు కాసేపు చూసి, 'సార్, ఇది రివర్స్‌లో కట్టారు' అన్నాడు. నిజమే. చెయ్యి కూడా వణికింది. ఆ రోజు నుంచి నేను కట్టను, కట్టింది చూస్తాను.

పాతబండి_ప్రసాద్
మీరు మీ అంతట మీరు మానేశారు. నన్ను మాన్పించారు. రెండూ ఒకటెలా అవుతాయి?

లాక్‌వైర్
ఆ కుర్రాడు నోరు తెరవకపోతే నేనూ మానేసేవాడిని కాదు. బండిలో మీరొక్కరే ఉంటే మీ ఇష్టం, నేనెవరిని? వెనక సీట్లో మనవరాలు ఉందని రాసింది మీరే. 450 డాలర్లిచ్చి ఎక్కినవాళ్లూ అంతే, వెనక సీట్లో వాళ్లే.

పాతబండి_ప్రసాద్
పక్కనే కూర్చుంటుంది. వెనక కాదు.

నల్గొండ_నర్సయ్య
బెల్టు ఉందా దాంట్లో?

పాతబండి_ప్రసాద్
1967లో బెల్టులు ఎక్కడివి?

(ఆ తర్వాత రాత్రంతా ఎవరూ రాయలేదు)

సైనిక్‌పురి_సుధ
నాన్న ఇదంతా కూర్చుని చదివారు. అన్నయ్యకి ఫోన్ చేసి, ఇంజన్ చెక్ చేసి సంతకం పెట్టేది ఎవరు, నడిపేది ఎవరు, ఇద్దరూ వేర్వేరు మనుషులేనా కనుక్కోమన్నారు. అన్నయ్యకి చిర్రెత్తింది. బహుమతి ఇస్తే ఎంక్వయిరీ ఏంటి నాన్నా, టికెట్ డబ్బులు కూడా వెనక్కి రావు అన్నాడు. కనుక్కుంటానని మాత్రం చెప్పాడు. నేనింకా ఏమీ తేల్చుకోలేదు. నాన్న టోపీ మాత్రం తీయలేదు.

ప్రసాద్ గారూ, ఆదివారం వస్తే మీ ఫియట్ చూపిస్తారా అని అడగమన్నారు.

పాతబండి_ప్రసాద్
తప్పకుండా రమ్మనండి. తాళాలు మావాడి దగ్గరే ఉన్నాయి, స్టార్ట్ చేసి చూపించలేను. చూడటానికైతే తాళం అక్కర్లేదుగా. ఫిట్టర్ గారు ఊళ్లోనే ఉంటే ఆయన్నీ రమ్మనండి, బ్రేక్ లైన్ ఒకసారి చూస్తారు.

లాక్‌వైర్
అల్వాల్‌లో ఉంటాను. టార్చ్ తెస్తాను.

ఇరానీ_చాయ్
1967 అంటే ఫియట్ 1100. వెనక ప్రీమియర్ పద్మిని అని బ్యాడ్జి ఉంటే అది తర్వాత ఎవరో తగిలించింది.