జూన్‌లో ఊరెళ్తే పిల్లలకి మన చిన్నప్పటి వేసవి దొరుకుతుందా?

లంక ఊరి అబ్బాయి:
అందరికీ నమస్తే. మాది అమలాపురం దగ్గర ఊరు, ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నాం. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఆరు. ఈసారి వాళ్లని నెలన్నరపాటు మా అమ్మ దగ్గర ఉంచాలని ఉంది. చిన్నప్పుడు పరీక్షలు అయిన మర్నాడే అమ్మమ్మగారింటికి వెళ్లిపోయేవాళ్లం, పెద్దమ్మ పిల్లలు, మావయ్య పిల్లలు, అందరం ఒకే ఇంట్లో. మధ్యాహ్నం తాటికాయల గెలలు దింపించి, చెక్కిన కాయ కన్నులోకి బొటనవేలు దింపి ముంజ లాగి తింటుంటే నీళ్లు మోచేతి దాకా కారేవి. తిన్నాక ఒకే సైజు బుర్రలు రెండు వెతికి, మధ్యలో పుల్ల గుచ్చి, పొడుగాటి పంగలకర్ర పెట్టి తోసుకుంటూ చెరువుగట్టు దాకా పరుగే. ఇబ్బంది ఏంటంటే ఇక్కడ బళ్లు మే చివరికి గానీ మూయరు, మనవైపు మామూలుగా జూన్ 12కి తెరిచేస్తారు. మేం దిగి నిద్ర తీరేసరికి అక్కడి పిల్లలు బడికి వెళ్లిపోతారు. అలాంటప్పుడు వెళ్లి ఏం లాభం అని మా ఆవిడ అంటోంది. ఇలా పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లు చెప్పండి.

గోదారి గట్టు:
లాభం లేకపోవడం ఏంటండీ! బడి మూసిన రోజు రాత్రికే టికెట్లు తీసుకోండి, పది రోజులైనా కలిసొస్తాయి. అప్పటికి ముంజలు కాస్త ముదురుతాయి, అయినా దొరుకుతాయి. నాకు మాత్రం వేసవంటే ఆవకాయ పెట్టిన రోజే. జాడీకి ఎత్తేశాక బేసిన్ అడుగున మిగిలిన పిండిలో వేడన్నం వేసి, నెయ్యి పోసి కలిపి, మా నాయనమ్మ చుట్టూ కూర్చున్న పిల్లల చేతుల్లో ముద్దలు పెట్టేది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నా మళ్లీ చెయ్యి చాపేవాళ్లం. ఆ ముద్ద రుచి ఇంకెక్కడా రాదు.

పాలమూరు పిల్ల:
అన్నా, నేను ఇంకోలా చెప్తా. మీ వేసవే వాళ్లకి దొరకాలని పట్టు పట్టకండి, జూన్‌కి దాని సంబరం దానికుంది. మృగశిర కార్తె వచ్చి మొదటి వాన పడ్డ తెల్లారి చెలకలకి పోతే ఎర్ర మట్టిలో ఆరుద్ర పురుగులు తిరుగుతుంటాయి, ఎర్రటి మఖమల్ ముక్కల్లా. అరచేతిలో పెట్టుకుంటే కాళ్లు ముడుచుకుంటుంది, ఊపిరి బిగబట్టి కాసేపు చూస్తే మెల్లగా నడుస్తుంది. అగ్గిపెట్టెలో గడ్డి వేసి దాచేవాళ్లం గానీ పాపం అవి బతికేవి కావు, మీ పిల్లలకి చూసి వదిలేయమని చెప్పండి. పొద్దెక్కితే కనబడవు, తొందరగా లేపాలి. నేరేడు పండ్లు కూడా అప్పుడే. జులై దాకా ఉంటే హైదరాబాద్‌లో బోనాలు చూపించండి.

సీమవాసి:
మేం రెండేళ్ల కింద తీసుకెళ్లాం. ఒక మాట సూటిగా చెప్తాను, ఊళ్లో పిల్లలు కూడా ఇప్పుడు ఫోన్ల మీదే ఉన్నారు, ఆట నేర్పేవాళ్లు లేరు, మీరే దిగాలి. మావి మిద్దెల ఊళ్లు కాబట్టి ఏడుపెంకులాటకి పెంకులు ఉండవు, ఏడు బండముక్కలు ఏరి పేర్చి, గుడ్డబంతితో కొట్టి చూపించాను. బంతి తగలకుండా తిరిగి పేర్చాలి అన్నంతవరకే చెప్పా, మిగతాది వాళ్లే తేల్చుకున్నారు. బడి తెరిచాక కూడా పర్వాలేదు, సాయంత్రం బడి వదిలితే చీకటి పడేదాకా మన పిల్లలు ఇంట్లోకి రారు. అక్కాచెల్లెళ్లకి మాత్రం ఇప్పుడే ఫోన్ చేసి ఒక వారం ఖాయం చేసుకోండి, అందరి పిల్లలూ ఉంటే ఆ ఇల్లే వేరు.

లంక ఊరి అబ్బాయి:
చాలా థాంక్స్ అండీ. మే ఆఖరి వారానికే టికెట్లు చూస్తున్నాను, చెల్లి కూడా పిల్లల్తో వస్తానంది. గోదారి గట్టు గారూ, అమ్మ ఆవకాయ మే మొదట్లోనే పెట్టేస్తుంది. మేం వచ్చాక పిల్లల ముందు కొంచెం కలపాలంటే గట్టి కాయ దొరుకుతుందా?

గోదారి గట్టు:
కలెక్టర్ రకం మామిడికాయ జూన్‌లో కూడా గట్టిగానే ఉంటుంది. పులుపు కాస్త తక్కువ, పిల్లలకి అదే నయం. ఏడాది నిలవ ఉంచే పని లేదు కదా, రెండు కాయలు చాలు, కారం సగం తగ్గించమనండి.