పోటీ లేని కీవర్డ్‌కి కనీస ధర ఎందుకు కట్టాలి?

పూతరేకు:
మా బాబాయి ఆత్రేయపురంలో పూతరేకులు చేయించి కొరియర్‌లో పంపుతారు. గూగుల్‌లో ఆయన సెర్చ్ యాడ్స్ నేను చూస్తాను. మనం ఎంచుకున్న మాట (కీవర్డ్) ఎవరైనా వెతికితే యాడ్ చోటుకి అప్పటికప్పుడు వేలం జరుగుతుంది, యాడ్ నొక్కితే (క్లిక్) డబ్బు పడుతుంది. ‘బెల్లం పూతరేకులు కొరియర్’ అని వారం పాటు రోజూ వెతికాను, మా యాడ్ తప్ప ఇంకోటి కనపడలేదు. అయినా క్లిక్‌కి 8 రూపాయలు పడుతోంది. కింద ఉన్నవాణ్ణి దాటడానికి ఎంత కావాలో అంతే కట్టాలన్నది ఈ వేలం సూత్రం కదా. కింద ఎవరూ లేనప్పుడు ఈ 8 రూపాయలు ఎవరి పాట? ఇది అన్యాయం అంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

చెరువుగట్టు:
కాదంటాను తమ్ముడూ. మా ఊరి చెరువు వేలం వేసేటప్పుడు ముందు సర్కారు పాట చదువుతారు. పాటదారు ఒక్కడే వచ్చినా అంతకు తక్కువకి ఇవ్వరు, వాయిదా వేస్తారు. నువ్వు కట్టేది అదే. యాహూ 2008లో నాలుగున్నర లక్షలకు పైగా కీవర్డ్‌ల మీద దీన్ని పరీక్షించింది. అంతకు ముందు అన్నిటికీ కనీసం 10 సెంట్లే. కీవర్డ్‌ని బట్టి ఆ ధర మార్చేసరికి ఆదాయం పెరిగింది. సరుకు వాడిది, అడుగు ధర పెట్టుకునే హక్కూ వాడిదే.

పాతకాపు:
హక్కు లేదని నేనూ అనను. కానీ సర్కారు పాట ‘చదువుతారు’ అన్నారే, అక్కడే ఉంది అసలు గొడవ.

గూగుల్ 2002లో క్లిక్ లెక్కన యాడ్స్ అమ్మడం మొదలుపెట్టినప్పుడు కనీస బిడ్ 5 సెంట్లు, అందరికీ తెలిసిన అంకె. 2005 ఆగస్టులో యాడ్ నాణ్యతని బట్టి ఒక్కో కీవర్డ్‌కి ఒక్కో కనీస ధర పెట్టారు. అంతకంటే తక్కువ పాడితే కీవర్డ్ పక్కన ‘ఇనాక్టివ్ ఫర్ సెర్చ్’ అని పడేది, ఎంతకి పెంచితే మళ్లీ నడుస్తుందో అక్కడే రాసుండేది. కొన్నిటికి ఆ అంకె 5 డాలర్లు, 10 డాలర్లు కూడా. చేదుగా ఉన్నా కళ్లకి కనపడేది. 2008లో దాన్ని తీసేసి, యాడ్ మొదటి పేజీలో రావాలంటే సుమారు ఎంత పాడాలో చెప్పే ‘మొదటి పేజీ బిడ్ అంచనా’ ఇచ్చారు. కనీస ధర పోయిందనుకున్నారు చాలామంది. పోలేదు, యాడ్ ర్యాంక్ హద్దు అనే పేరుతో లోపలికి వెళ్లింది.

తమ్ముడి లెక్క సుమారుగా ఇలా ఉంటుంది. బిడ్‌ని నాణ్యతతో (వెతికినవాళ్లకి మీ యాడ్, పేజీ ఎంత పనికొస్తాయన్న మార్కు) గుణిస్తే యాడ్ ర్యాంక్, అది హద్దుకి తగ్గితే యాడ్ కనపడదు. హద్దు 40 అనుకో, మీ నాణ్యత 5 అయితే క్లిక్‌కి 8 రూపాయలు. నాణ్యత 8కి పెరిగితే 5 రూపాయలే. పోటీదారు లేకపోయినా హద్దుతో పోటీ ఉంటుంది. ఆ హద్దు ఎంతో మాత్రం మనకి చూపించరు, చూపించమంటాను.

చెరువుగట్టు:
చూపించమంటే ఎలా పాతకాపు గారూ? ఇప్పుడు నాణ్యత ప్రతి వెతుకులాటకీ విడిగా లెక్కిస్తారు. ఊరు, ఫోను, టైము, వెతికినవాళ్ల మాటలు అన్నీ చూస్తారు. ఒక్క అంకె ముందే చెప్తే అది అబద్ధమే అవుతుంది.

పాతకాపు:
ముందు చెప్పొద్దు, తర్వాత చెప్పమనండి. నెలాఖరు రిపోర్టులో ఒక్క కాలమ్ చాలు: కట్టిన డబ్బులో పోటీదారుని దాటడానికి ఎంత, హద్దు దాటడానికి ఎంత. లెక్క వాళ్ల దగ్గర ఉండే ఉంటుంది, ఆ లెక్క మీదే బిల్లు వేస్తారు కాబట్టి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, 2023లో అమెరికా ప్రభుత్వం గూగుల్ మీద వేసిన గుత్తాధిపత్యం కేసులో అప్పటి గూగుల్ యాడ్స్ పెద్ద జెర్రీ డిష్లర్ కోర్టులో ఒప్పుకున్నాడు, వేలంలో మార్పులు చేసి 5 శాతం దాకా ధరలు పెంచిన సందర్భాలున్నాయని, ఆ సంగతి ప్రకటనదారులకి మామూలుగా చెప్పరని. అదే కేసులో 2024 ఆగస్టు 5న జడ్జి అమిత్ మెహతా సెర్చ్ టెక్స్ట్ యాడ్స్‌లో కూడా గూగుల్‌ది చట్టవిరుద్ధ గుత్తాధిపత్యమే అని తీర్పు ఇచ్చారు. చెరువు పాట నచ్చకపోతే పక్క ఊరి చెరువుకి వెళ్లొచ్చు. ఇక్కడ పక్క ఊరేదండీ?

చెరువుగట్టు:
ఆ కాలమ్ మాట ఒప్పుకుంటున్నాను. కనీస ధర ఉండటం మాత్రం తప్పు కాదు. తమ్ముడూ, నీ ఫోన్‌లో కనపడలేదని పోటీ లేదనుకోకు. సొంత యాడ్‌ని నొక్కకుండా ఊరికే వెతికితే క్లిక్ రేటు (కనపడ్డ వాటిలో నూటికి ఎన్నిసార్లు నొక్కారన్న లెక్క) కూడా పడిపోతుంది. అవే వేలాల్లో ఇంకా ఎవరెవరి యాడ్‌లు వచ్చాయో చూపించే రిపోర్టు, ‘ఆక్షన్ ఇన్‌సైట్స్’ చూశావా?

పూతరేకు:
ఇప్పుడే తెరిచాను. ఇంకో రెండు సైట్లు ఉన్నాయి, ఒకటి చాలాసార్లు మాతో పాటే కనపడింది. నేను వెతికేది పొద్దున, బహుశా వాళ్లు సాయంత్రం నడుపుతున్నారేమో. అంటే పోటీ లేదన్న నా మాట తప్పు. కానీ 8 రూపాయల్లో వాళ్ల వల్ల పడింది ఎంతో, హద్దు వల్ల పడింది ఎంతో ఎక్కడ వెతికినా దొరకలేదు. ముందుగా నాణ్యత పెరగడానికి, యాడ్ నొక్కితే తెరుచుకునే మా పేజీ సంగతి చూస్తాను. ధర, డెలివరీ రోజులు అన్నీ అట్టడుగున ఉన్నాయి, వాటిని పైకి తెస్తాను. రెండు వారాల తర్వాత క్లిక్‌కి ఎంత పడుతోందో ఇక్కడే రాస్తాను.