ఓజోన్ దగ్గర కుదిరిన పొత్తు కార్బన్ దగ్గర ఎందుకు కుదరట్లేదు?

సందేహం: ఓజోన్ పొరని కాపాడ్డానికి 1987లో మాంట్రియల్ ప్రొటోకాల్ కుదుర్చుకున్న ధనిక దేశాలే, భూమిని వేడెక్కించే కార్బన్ లాంటి వాయువుల్ని తగ్గించే ఒప్పందం కోసం పదేళ్ళ తర్వాత క్యోటోలోనూ కూర్చున్నాయి. మొదటిదాని వల్ల ఓజోన్ పొరని తినేసే సీఎఫ్‌సీ రసాయనాల తయారీ దాదాపు ఆగిపోయింది. రెండోదాన్ని అమెరికా ఆమోదించనే లేదు, కెనడా 2011లో తప్పుకుంటున్నానంది. ఇక క్యోటో తర్వాత వచ్చిన వాతావరణ ఒప్పందం, పారిస్ ఒప్పందంలోంచి అమెరికా 2020లో వెళ్ళి, 2021లో వచ్చి, 2025 జనవరిలో మళ్ళీ పోతున్నానంది. తేడా ఎక్కడుందో ఎవరైనా చెప్తారా? "రాజకీయ సంకల్పం లేదు" అని మాత్రం అనకండి, విని విని విసుగొచ్చింది.

నిదానం: బయట ఉన్నవాడికి నష్టం ఉందా లేదా, అదీ తేడా. మాంట్రియల్‌లో చేరని దేశంతో సీఎఫ్‌సీల వ్యాపారం చెయ్యకూడదని ఒప్పందంలోనే రాసేశారు, అంటే బయటుంటే సరుకూ రాదు, అమ్ముకోవడానికి మార్కెట్టూ ఉండదు. పైగా వాటిని తయారుచేసే కంపెనీలు కొన్నే, ప్రత్యామ్నాయాలు అమ్ముకునేదీ ఎక్కువగా వాళ్ళే. కార్బన్ అలా కాదు, కరెంటు, ఉక్కు, సిమెంటు, కార్లు అన్నిట్లో ఉంది. క్యోటోలో లక్ష్యం తప్పితే శిక్షేంటో తెలుసా? మిగిలిపోయినదాన్ని తర్వాతి విడతలో 1.3 రెట్లు చేసి తగ్గించాలి. ఒప్పందంలోంచే బయటికొచ్చేస్తే ఆ గొడవే లేదు, కెనడా చేసిందదే.

మబ్బుచాటు: ధనిక దేశాలకి అసలు కుదరదన్నట్టు మాట్లాడుతున్నారు, అది ఒప్పుకోను. ఆమ్ల వర్షాల మీద అమెరికా, కెనడా 1991లో ఒప్పందం చేసుకున్నాయి, ఆ వర్షాలకి కారణమైన సల్ఫర్ డయాక్సైడ్ బాగా తగ్గింది కూడా. అంతకుముందు ఏళ్ళ తరబడి "ఇంకా పరిశోధన కావాలి" అని అమెరికా సాగదీసిందనుకోండి. 2021లో ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలుండే కూటమి) దేశాలు కార్బన్‌ని పట్టి నిల్వ చేసే ఏర్పాటు లేని బొగ్గు విద్యుత్ కేంద్రాలకి ఎగుమతి రుణాలు (తమ కంపెనీల సరుకు విదేశాల్లో అమ్ముడయ్యేలా ప్రభుత్వ మద్దతుతో ఇచ్చే అప్పులు) ఆపేశాయి. ఇలాంటివి వార్తల్లోకి రావు, అంతే. చమురు, గ్యాస్ జోలికి మాత్రం పోలేదు, నిజమే.

లెక్కలపుస్తకం: డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదేం? మాంట్రియల్‌కి ఒక నిధి పెట్టి, వర్ధమాన దేశాలు మారడానికయ్యే అదనపు ఖర్చు భరించారు. వాతావరణం విషయానికొస్తే, 2020 కల్లా వర్ధమాన దేశాలకి ఏడాదికి 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని ధనిక దేశాలు 2009లో కోపెన్‌హాగన్ వాతావరణ సదస్సులో మాటిచ్చి, 2022లోగానీ ఆ అంకె చేరలేదు. అదీ ఓఈసీడీ లెక్క ప్రకారమే, అందులో ఎక్కువ భాగం అప్పులు. అప్పుని సాయం అంటే ఎవరు నమ్ముతారు?

సందేహం: నిదానం గారూ, అలాగైతే యూరోపియన్ యూనియన్ సరిహద్దు కార్బన్ పన్ను (దిగుమతయ్యే సరుకు తయారీలో వెలువడ్డ కార్బన్‌కి వేసే రుసుము) ఆ పాత వ్యాపార నిబంధన లాంటిదేనా?

నిదానం: సగమే. ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువుల లాంటి వాటికి 2026 జనవరి నుంచి పూర్తిగా అమలు, పంపే దేశంలో ఇప్పటికే కార్బన్ ధర కట్టి ఉంటే అంత తగ్గిస్తారు. కానీ మాంట్రియల్ నిబంధన అందరూ కూర్చుని రాసుకున్నది, ఇది ఒక కూటమి తనంతట తాను పెట్టింది. స్విట్జర్లాండ్ తన కార్బన్ మార్కెట్‌ని (కార్బన్ వదిలే అనుమతుల్ని కంపెనీలు కొని అమ్ముకునే ఏర్పాటు) 2020లోనే యూరప్‌తో కలిపేసుకుంది కాబట్టి దానికి బాధ లేదు, మిగతావాళ్ళు అంత దూరం వస్తారా అన్నది చూడాలి.

లెక్కలపుస్తకం: వసూలైన సొమ్ము యూరప్‌లోనే ఉంచుకుంటే రారు. అందులో కొంత పేద దేశాల ఫ్యాక్టరీలు మారడానికి ఇస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు.