పారిస్ పారాలింపిక్స్‌కి వాలంటీర్‌గా వెళ్తున్నాను, ఎలా సిద్ధం కావాలి?

హనుమకొండ పీఈటీ (2024 జులై)

అందరికీ నమస్కారం. నేను హనుమకొండ దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీని, వయసు 46. నిరుడు మార్చిలో పారిస్ వాలంటీర్ల దరఖాస్తులు తెరిచినప్పుడు ఒక ఆదివారం కూర్చుని నింపాను. 45,000 మంది కావాలంటే 3 లక్షలకు పైగా వచ్చాయట. నన్ను పారాలింపిక్స్‌కి తీసుకున్నారు. ఆగస్టు 28 నుంచి సెప్టెంబర్ 8 దాకా స్టాద్ ద ఫ్రాన్స్ దగ్గర, ప్రేక్షకులకు దారి చూపే పని. మా పక్క కల్లెడ అమ్మాయి దీప్తి జివాంజి మొన్న మేలో జపాన్‌లోని కోబెలో, పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు కొట్టింది. పారిస్‌లో తను పరిగెత్తేది కూడా ఈ స్టేడియంలోనే. అది తలుచుకుంటేనే ఒళ్లు పులకరిస్తోంది.

సెలవు దొరికింది, శాఖ అనుమతి వచ్చింది, వీసా కూడా అయింది. యూనిఫాం, డ్యూటీ రోజు భోజనం, మెట్రో పాస్ వాళ్లే ఇస్తారు. విమానం టికెట్, గది మన ఖర్చు. మాట్లాడుకున్న గది ఒకటి పోయినవారం రద్దు చేశారు, ఆ టెన్షన్ ఒకటి. ఫ్రెంచ్ అస్సలు రాదు.

అసలు భయం వేరే. మా బడిలో చక్రాల కుర్చీలో వచ్చే బాబు ఒకడున్నాడు. మొదట్లో నేను అడగకుండానే వెనక నుంచి కుర్చీ నెట్టేదాన్ని. ఒకరోజు రెండు చక్రాలూ గట్టిగా పట్టుకుని ఆపేసి, "మేడమ్, నేనే పోతా" అన్నాడు. వాడి వేళ్లు బిగుసుకున్న తీరు నాకింకా కళ్లముందే ఉంది. అక్కడ ఆ తప్పు మళ్లీ చేయకూడదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పారిస్ శివారు నుంచి

అక్కా, శుభాకాంక్షలు. గది కోసం ఈఫిల్ టవర్ చుట్టుపక్కల వెతక్కండి. మెట్రో 13 లేదా ఆర్‌ఈఆర్ బీ అనే శివారు రైలు లైను మీద చూడండి, రెండూ స్టేడియం దగ్గరికి వెళ్తాయి. 14వ లైను కూడా మొన్న జూన్‌లోనే సెయింట్ డెనిస్ ప్లేయెల్ దాకా పొడిగించారు. డ్యూటీ రాత్రి పూట పడితే చివరి రైలు ఎన్నింటికో ముందే చూసి పెట్టుకోండి.

ఫ్రెంచ్‌లో మీకు కావాల్సింది ముందు ఒక్కటే: ఏం అడిగినా, ఏం చెప్పినా మొదట "బోన్‌జూర్" అనండి. అది లేకుండా నేరుగా విషయంలోకి వెళ్తే ఇక్కడ మర్యాద కాదు. తర్వాత దారులు. "ఆ గోష్" అంటే ఎడమకి. "ఆ ద్రువాత్" అంటే కుడికి. "తూ ద్రువా" అంటే తిన్నగా. చివర "త్" పలికితే కుడి, పలక్కపోతే తిన్నగా. చెయ్యి కూడా చూపిస్తూ చెప్పండి.

దోహా నుంచి, జగిత్యాల

2022లో ఇక్కడ ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కి 20,000 మంది వాలంటీర్లలో నేనూ ఒకణ్ణి. లుసైల్ స్టేడియం బయట నిలబడ్డాను. మేడమ్, బూట్లు కొత్తవి తీసుకెళ్లొద్దు. ఇప్పుడే కొని నెల రోజులు వేసుకుని తిరగండి. నాకు మూడో రోజుకే మడమల మీద బొబ్బలు లేచాయి. గుర్తింపు కార్డు ఫొటో ఎక్కడా పెట్టొద్దు. క్రీడాకారులు ఎదురైతే సెల్ఫీ అడగొద్దు, మనం డ్యూటీలో ఉన్నాం కదా.

విశాఖ నుంచి

మేడమ్, నాకు చూపు లేదు. తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో రాస్తున్నాను. మీ ప్రశ్నలోనే జవాబు ఉంది, ఆ బాబు మీకు చెప్పేశాడు. ముందు అడగండి. వద్దంటే ఆగిపోండి, నొచ్చుకోకండి. మాలాంటివాళ్లను నడిపించేటప్పుడు మా చెయ్యి పట్టి లాగొద్దు, మీ మోచెయ్యి మాకివ్వండి. మేం పట్టుకుని అరడుగు వెనక నడుస్తాం. మెట్లొస్తే "మెట్లు" అని కాదు, "ఎక్కే మెట్లు" లేదా "దిగే మెట్లు" అని చెప్పండి. నన్ను వదిలి వెళ్లేటప్పుడు "వెళ్తున్నా" అని ఒక మాట అనండి. చాలామంది చెప్పకుండా వెళ్లిపోతారు, నేను ఖాళీ గాలితో మాట్లాడుతూ ఉంటాను. ఆ బాధ చెప్పలేను.

ఇంకొకటి. చూపులేని అథ్లెట్ల లాంగ్ జంప్ అప్పుడు స్టేడియమంతా నిశ్శబ్దంగా ఉండాలి. దారి చెప్పే మనిషి గొంతు వినిపిస్తేనే వాళ్లు పరిగెత్తగలరు.

హనుమకొండ పీఈటీ (2024 సెప్టెంబర్)

తిరిగొచ్చాను. అందరికీ దండాలు. గది 13వ లైను మీదే దొరికింది. పాత బూట్లే వేసుకున్నాను, కాళ్లు బాగానే ఉన్నాయి. "తూ ద్రువా" ఎన్ని వందలసార్లు అన్నానో!

3వ తేదీన దీప్తి ఫైనల్ నేను చూడలేదు, డ్యూటీ గేటు దగ్గర. లోపలి నుంచి హోరు వినిపించింది, ఎవరి కోసమో తెలియలేదు. తర్వాత మా ఆయన మెసేజ్ వచ్చింది: "కాంస్యం, 55.82". గేటు పక్కనే నిలబడి ఏడ్చేశాను.

ముగింపు వేడుక రాత్రి వాన. ర్యాంపు కింద చక్రాల కుర్చీలో ఒకావిడ ఆగింది. బోన్‌జూర్ చెప్పి, సాయం కావాలా అని అడిగాను. తల అడ్డంగా ఊపి, ఒళ్లో ఉన్న సంచి మాత్రం నా చేతికిచ్చింది. తడిసిన చక్రాలు తనే తిప్పుకుంటూ పైదాకా వెళ్లింది. నేను సంచి పట్టుకుని పక్కనే నడిచాను.

బడికి రాగానే ఇదంతా మా బాబుకి చెప్పాను. "ఆమె ఎంత స్పీడుగా ఎక్కింది మేడమ్?" అని అడిగాడు.